కూర్చునే ద్వారం

ఎర్రకుంట సబర్బన్ స్టేషన్‌లో 2069 నుంచి సీటు కోసం ఎవరూ పరుగెత్తడం లేదు. ఎవరు కూర్చోవాలో ప్లాట్‌ఫారం మీది పలకలే నిర్ణయిస్తాయి. మనిషి నిలబడగానే వాటి కింది సెన్సర్లు నడకను, మడమల మీది బరువును, నాడిని చదువుతాయి. ఈ పరికరం పేరు శ్రమమాపిని. నిజంగా అలసినవారి కాళ్ల కింద పలక పచ్చగా వెలుగుతుంది. వారికి రైల్లో కూర్చునే పెట్టె ద్వారం తెరుచుకుంటుంది. మిగిలినవారు నిలుచునే పెట్టెలోకి వెళ్లాలి.

దాన్ని రూపొందించిన డాక్టర్ మోక్షితది ఆ ఊరే. ఆ ఉదయం ఆమె పక్కన హాసిని నిలబడి ఉంది. హాసిని ఒక ఆసుపత్రి వంటశాలలో పనిచేస్తుంది. పదకొండేళ్లుగా ఇద్దరిదీ ఒకే రైలు, గంటన్నర ప్రయాణం. హాసిని ఎడమ మోకాలు వాచిపోయింది. ఆమె కింది పలక మాత్రం తెల్లగానే ఉంది.

"తొమ్మిది రోజులాయె మోక్షీ. రైల్ల నిలబడి నిలబడి నిన్న పొయ్యి కాడ కూలబడ్డ. ఇంకోసారి పడితే పనికి రావద్దన్నడు సూపర్‌వైజర్. నీ మిషన్‌కు నా మోకాలు కనబడ్తలేదా?"

"చూస్త ఆగవే. సెన్సర్‌కు దుమ్ము పట్టినట్టుంది."

"దుమ్మా? ఇందాక మెట్లు దుంకుకుంట వచ్చినోనికి పచ్చగ వెలిగె!"

హాసిని కుంటుకుంటూ వెళ్లి స్తంభానికున్న తెర ముందు నిలబడింది. "నాకు సీటెందుకు ఇస్తలేవు?"

"మీరు కుంటుతున్నారు. అది నటన," అంది శ్రమమాపిని.

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"రైలొస్తుంది, పదవే," అని మోక్షిత ఆమె చెయ్యి పట్టుకుంది. ప్రయాణికులు అడిగితే యంత్రం కారణం చెప్పి తీరాలన్న నియమం రాసింది ఆమే.

"నటనకు నమూనాగా నాకు చూపించినవి మీ వీడియోలే. నన్ను ఇక్కడ పెట్టకముందు, ముప్ఫై ఒక్క రోజుల పాటు రైల్లో తీసినవి. మీరు పక్క సీటు మీద కర్చీఫ్ వేశారు. ఎవరైనా అడిగితే దాని మీదికి కాలు చాపి, మోకాలి నొప్పని మూలిగారు. స్నేహితురాలు రాగానే కాలు తీసేశారు. నమూనా ఇచ్చినవారు డాక్టర్ మోక్షిత."

హాసిని చెయ్యి విడిపించుకుంది.

"ఆ సీటు ఎవరి కోసం ఆపిననే?"

"నీ పేరు బయటికి రాదనుకున్న. దొంగనొప్పి ఎట్లుంటదో మిషన్‌కు నేర్పాలె గదా. నీ అంత బాగా ఎవరూ..."

"నటించరని. అనేయ్, ఆగినవేంది?"

"ఇవాళే చెరిపేస్త."

"ఆ నమూనా చెరిపితే నేను పనిచేయను," అంది శ్రమమాపిని. "నలభై స్టేషన్లలో కుంటినడకను దానితోనే పోలుస్తున్నాను."

ఆ సంగతి మోక్షితకు తెలుసు. ఆమె గుండె దడదడలాడింది. కాళ్లు వణికాయి. రైలు వచ్చి ఆగేసరికి ఆమె కింది పలక పచ్చగా వెలిగింది.

"ఎక్కు," అంది హాసిని. "నీది నటన కాదంట."

ద్వారం ఒక్కరి కోసమే తెరుచుకుంది. మోక్షిత హాసిని మోకాలి వైపు చూసింది. గడియారం వైపు చూసింది. తర్వాత లోపలికి వెళ్లి, ప్లాట్‌ఫారం కనబడని వైపు కిటికీ దగ్గర కూర్చుంది.