ఏడో ఫిల్టర్

ఏదైనా సైట్‌లో మీరు వెతికిన వస్తువు దొరకలేదనుకోండి. "ఫలితాలు: సున్నా" అని వస్తుంది. మీరు విసుక్కుని పేజీ మూసేస్తారు. మరి మీరు టైపు చేసిన ఆ మాట ఎక్కడికి పోతుందో ఎప్పుడైనా ఆలోచించారా?

ఎక్కడికీ పోదు. దాన్ని చదవడానికి జీతం తీసుకునే మనిషి ఒకరుంటారు.

ఇంటి సామాన్లు అమ్మే ఒక సైట్‌లో ఆ మనిషిని అందరూ ఎందుకమ్మ అంటారు. ఎవరు ఏం చెప్పినా "ఎందుకు?" అని అడగందే వదలదని ప్రోగ్రామర్ పెట్టిన పేరది. ఆమె తిరిగి అతనికి గడ్డం అని పేరు పెట్టింది. దానికి మాత్రం "ఎందుకు" అని ఎవరూ అడగలేదు, చూస్తే తెలిసిపోతుంది.

ఎందుకమ్మకి రెండు పనులు. పొద్దున్నే వచ్చి, నిన్న జనం వెతికి దొరక్క వదిలేసిన మాటల చిట్టా చదవడం ఒకటి. నెలకోసారి బయటి మనుషుల్ని పిలిచి, వాళ్ళు సైట్ ఎలా వాడుతున్నారో పక్కన కూర్చుని చూడడం రెండోది. ఆ చూసేటప్పుడు ఒక నియమం ఉంది. సాయం చేయకూడదు. వాళ్ళు ఎంత తికమకపడినా, "ఎక్కడ నొక్కాలండీ?" అని బతిమాలినా, "మీకు ఎక్కడ ఉంటుందనిపిస్తోంది?" అని ఎదురు ప్రశ్న వేసి నోరు మూసుకోవాలి. దారి చూపించేస్తే ఇక వాళ్ళు ఎక్కడ తప్పిపోతున్నారో మనకెలా తెలుస్తుంది? ఆరేళ్ళుగా ఆమె ఆ నియమం తప్పలేదు. అందులో ఆమెకి కాస్త గర్వం కూడా ఉంది.

పదకొండు రోజుల క్రితం చిట్టాలో ఒక కొత్త మాట కనిపించింది.

"లోపలి నుంచి తెరుచుకునే పెట్టె."

సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకి మొదలు. ఫలితాలు సున్నా. ఆ వెంటనే మళ్ళీ అదే మాట. మళ్ళీ. తర్వాత "లోపలి నుంచి తెరుచు". తర్వాత "లోపలి నుంచి". తర్వాత "లోపలి". నాలుగూ ఇరవై తొమ్మిదికి ఒట్టి "లో". ఆఖర్న ఏ అక్షరమూ లేని వెతుకులాట ఒకటి. అంతే, ఆగిపోయింది.

మర్నాడు నాలుగూ పదికి మళ్ళీ. ఆ మర్నాడూ.

"ఏదో మెషీన్ అయ్యుంటుంది. అలాంటివి వెయ్యి తిరుగుతుంటాయి," అన్నాడు గడ్డం.

"మెషీన్ అలిసిపోతుందా?"

"అంటే?"

"చూడు. రోజూ అక్షరాలు తగ్గుతున్నాయి. ఓపిక లేనివాళ్ళు టైపు చేసినట్టు లేదూ?"

గడ్డం నవ్వబోయి, చిట్టా ఇంకోసారి చూసి, మానేశాడు.

ఆ పెట్టె ఏదో ఆమెకి తెలుసు. పిల్లలు బొమ్మలు దాచుకునే తెల్ల చెక్క పెట్టె. సైట్‌లో ఎక్కువగా పోయేది అదే. పాత పెట్టెల మూతలు ధడాల్న పడి పిల్లల వేళ్ళు నలుగుతున్నాయని తల్లులు చెబితే, ఆమే మేనేజరుతో పోట్లాడి "మెత్తగా మూసుకునే మూత" అని ఆరో ఫిల్టర్ పెట్టించింది. ఆ ఫిల్టర్ నొక్కితే ముందు వచ్చేది ఈ తెల్ల పెట్టే. మూత దూదిలా దిగుతుంది, చివర్న అయస్కాంతం టక్కున పట్టేస్తుంది. ఇక దానంతటది లేవదు. మొన్ననే ఎందుకమ్మ తన అక్కకి కూడా ఒకటి పంపించింది, నాలుగేళ్ళ బుడంకాయ కోసం. అక్క కూతురు అసలు పేరుతో పిలిస్తే పలకదు, బుడంకాయ అంటేనే పలుకుతుంది.

ఆమె మేనేజరు దగ్గరికెళ్ళింది.

"ఏడో ఫిల్టర్ కావాలి సార్. లోపలి నుంచి తెరుచుకునేవి."

"ఎంతమంది అడిగారు?"

"ఒక్కరు. కానీ పదకొండు రోజులుగా, రోజూ."

"ఒక్కరు పదకొండు సార్లు అడిగితే పదకొండు మంది అయిపోరమ్మా."

"ఎంతమంది అడిగారన్నది ఒక ప్రశ్న సార్. అడగలేని స్థితిలో ఎంతమంది ఉన్నారన్నది ఇంకో ప్రశ్న. ఆ రెండోది మనం ఎప్పుడైనా లెక్కపెట్టామా?"

"ఇది కాలేజీ డిబేట్ కాదు."

"డిబేట్ అయితే ఈపాటికి గెలిచేదాన్ని."

మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఓడిపోయినప్పుడల్లా ఆయన చేసే పని అది. అయినా లొంగలేదు. "రేపు ఎనిమిది మంది వస్తున్నారుగా. నువ్వు నోటికందించకుండా వాళ్ళలో ఒక్కరు ఆ మాట అడగనీ, పెట్టిస్తాను. అడగలేదా, ఇక ఆ ఊసెత్తకు."

పరీక్ష గదికి కిటికీల్లేవు. చప్పుడు బయటికి పోకుండా గోడలకి మందపాటి గుడ్డ, ఒక బల్ల, కంప్యూటరు, రెండు కుర్చీలు. తలుపు కూడా మెత్తగా దానంతటదే మూసుకుంటుంది. దానికి తాళం లేదు. పక్క గదిలో గడ్డం కూర్చుని, కంప్యూటర్ తెర మీద జరిగేదంతా తన తెర మీద చూస్తూ, మైకులో మాటలు వింటూ రికార్డు చేస్తాడు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే ఆమె చెవిలోని ఇయర్‌ఫోన్‌లోకి చెబుతాడు. ఫోన్లు లోపలికి తేకూడదు. ఆమె ఫోను గడ్డం బల్ల మీద ఉంది.

ఏడుగురు వచ్చారు, వెళ్ళారు. రంగు అడిగారు, కొలత అడిగారు, చక్రాలు అడిగారు. ఒకాయన కుక్కపిల్ల పడుతుందా అని అడిగాడు. లోపలి నుంచి తెరుచుకోవడం గురించి మాత్రం ఒక్కరూ అనలేదు. ఎనిమిదో ఆవిడ రాలేనని కబురు పెట్టింది.

అంతే. ఓడిపోయింది. ఎందుకమ్మ కాగితాలు సర్దుకుంటుండగా తలుపు మెత్తగా తెరుచుకుంది.

ఒక ఆవిడ లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడతోపాటే ఒక వాసన వచ్చింది. కొత్త చెక్క, వార్నిషు... దాని కింద, చాన్నాళ్ళుగా మూసి ఉన్న బీరువా తెరిస్తే వచ్చే వెచ్చటి, ఊపిరాడని గాలి.

"రారనుకున్నామండి," అంది ఎందుకమ్మ.

ఆవిడ తెర వైపే చూస్తోంది.

సరే, అడిగే ప్రశ్న అడగాలి కదా. "మీ పాపకి బొమ్మల పెట్టె కొనాలనుకోండి. ఎలా వెతుకుతారు?"

"కొన్నాను," అంది ఆవిడ. గొంతు చెక్క వెనక నుంచి వచ్చినట్టుంది.

తెర మూలన గడియారం నాలుగూ పది చూపిస్తోంది. సెర్చ్ బార్‌లో అక్షరాలు పడుతున్నాయి. లోపలి నుంచి తెరుచుకునే పెట్టె. ఫలితాలు సున్నా.

ఎందుకమ్మ గుండె ఎగిరింది. నిజం చెప్పాలంటే మొదట భయంతో కాదు, సంతోషంతో. అడిగింది! ఎనిమిదో మనిషి అడిగింది!

"ఎక్కడ నొక్కాలి?" అంది ఆవిడ.

"మీకు... ఎక్కడ ఉంటుందనిపిస్తోంది?"

"ఎక్కడా లేదు."

"దొరకనప్పుడు మామూలుగా మీరేం చేస్తారు?"

"నేను కాదు. పాప చెబుతుంది. నేను రాస్తాను."

"ఏమని చెబుతుంది?"

ఆవిడ తల తిప్పి మొదటిసారి ఎందుకమ్మని చూసింది. కళ్ళు రెప్ప వేయడం లేదు. "సాయం చేయరా?"

ఆరేళ్ళ అలవాటు. నాలుక దానంతటది ఆడింది. "ఇందులో నేను సాయం చేయకూడదండి."

చెవిలో గడ్డం గొంతు గుసగుసలాడింది. "ఆ కొట్టడమేంటి? మైకు మీద కొట్టొద్దని ఆవిడకి చెప్పు."

ఎవరూ ఏమీ కొట్టడం లేదు.

తెర మీద అక్షరాలు తగ్గాయి. లోపలి నుంచి తెరుచు... ఎందుకమ్మ ఆవిడ చేతుల వైపు చూసింది. చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. వేళ్ళు కదలడం లేదు. వేళ్ళ చివర గోళ్ళు లేవు... వాటి చోట చెక్క పేళ్ళు దిగి ఉన్నాయి.

లోపలి నుంచి...

ఎడమ పక్కన ఫిల్టర్ల వరస. రంగు, కొలత, ధర, చెక్క రకం, చక్రాలు, మెత్తగా మూసుకునే మూత. ఒక్కోదాని పక్కన అలాంటి పెట్టెలు ఎన్ని ఉన్నాయో అంకె. ఆరు ఫిల్టర్లు. కళ్ళు మూసుకుని చెప్పమన్నా ఆమె చెప్పగలదు.

కింద ఏడోది ఉంది.

లోపల ఉన్నవారు (2).

"గడ్డం..." అంది. "ఇది నువ్వు పెట్టావా?"

"ఏది?"

ఆమె దాన్ని నొక్కింది. ఒకే ఒక్క ఫోటో వచ్చింది. తెల్ల పెట్టె, మూత మూసి ఉంది. వెనక పచ్చ గళ్ళ పరదా. కింద నేల మీద ఒంటి చెప్పు, చిన్నది, బొటనవేలి దగ్గర తాబేలు బొమ్మ.

బుడంకాయకి ఆ చెప్పులు కొన్నది ఆమే.

నాలుగూ పంతొమ్మిది.

కుర్చీ వెనక్కి పడింది. తలుపు దగ్గరికి పరుగెత్తి పిడి లాగింది. రాలేదు. తాళమే లేని తలుపు... రాలేదు. రెండు చేతులా లాగింది. గుడ్డ గోడలు ఆమె అరుపు మింగేశాయి. వెనక ఆ వాసన దగ్గరవుతోంది. ఆమె అరచేతులతో తలుపు బాదింది. గోళ్ళతో గీకింది. ఎవరైనా... బయట ఎవరైనా...

తలుపు తెరుచుకుంది. అవతల గడ్డం, మొహం పాలిపోయి. "ఏమైంది? తలుపు ఊరికే తోస్తే—"

"నా ఫోన్!"

అక్క రెండో రింగుకి ఎత్తింది. "ఏమే, ఈ వేళప్పుడు? ఆఫీసులో పని లేదా?"

"బుడంకాయ ఏదక్కా?"

"ముందు గదిలో ఆడుకుంటోంది. ఇప్పుడిప్పుడే అల్లరి తగ్గింది, నేనూ కాస్త నడుం—"

"పెట్టె తియ్యి."

"ఏ పెట్టె?"

"నేను పంపిన పెట్టె అక్కా! పరుగెత్తు! మూత తియ్యి!"

అడుగుల చప్పుడు. అక్క పిలుపు, ఒకసారి, రెండోసారి. తర్వాత ఫోను కింద పడిన చప్పుడు. తర్వాత... ఏమీ లేదు. ఎందుకమ్మ తన జీవితంలో ఎన్నో మౌనాలు లెక్కపెట్టింది. పరీక్షలో మనిషి ఆగిపోతే పది అంకెలు లెక్కపెట్టి ఊరుకోవాలి, అదీ నియమమే. ఈసారి లెక్క ముప్ఫై దాటింది.

అప్పుడు దగ్గు వినిపించింది. చిన్న దగ్గు. ఆ వెంటనే ఇల్లెగిరిపోయేంత ఏడుపు. వినేవాళ్ళకి ఒక్కోసారి ఏడుపుని మించిన సంగీతం ఉండదు. ఎందుకమ్మ గోడకి జారబడి నేల మీద కూలబడింది.

తిరిగి చూస్తే పరీక్ష గదిలో ఎవరూ లేరు. కుర్చీ సీటు మీద నాలుగు చెక్క పేళ్ళు.

సాయంత్రం డాక్టరు బుడంకాయని చూసి, ఇంకో ఐదు నిమిషాలైతే తన చేతుల్లో ఉండేది కాదన్నాడు. రాత్రి పిన్ని ఒళ్ళో పడుకుని బుడంకాయ ఒకే మాట అడిగింది.

"పిన్నీ, ఆ పాపని ఎందుకు తీయలేదు?"

"ఏ పాపమ్మా?"

"నా చెయ్యి పట్టుకుందిగా. ఏడవకు, మా అమ్మకి చెప్పా, రాస్తోంది అంది."

మర్నాడు గడ్డం రికార్డు వినిపించాడు. నాలుగూ పది నుంచి నాలుగూ పంతొమ్మిది దాకా, తొమ్మిది నిమిషాలు. అందులో ఎందుకమ్మ గొంతు శుభ్రంగా వినిపిస్తోంది. "మీకు ఎక్కడ ఉంటుందనిపిస్తోంది?" ఆవిడ జవాబు చెప్పిన ప్రతిచోటా మాటల్లేవు. లోపలి నుంచి చెక్క మీద కొడుతున్న చప్పుడు. "ఇందులో నేను సాయం చేయకూడదండి" అన్న చోట మాత్రం ఆ కొట్టడం కాసేపు ఆగింది.

మేనేజరు అది మొత్తం వినలేకపోయాడు. కళ్ళజోడు కూడా తుడుచుకోలేదు. అమ్మిన తెల్ల పెట్టెలన్నీ వెనక్కి పిలిపించాడు. కొన్నవాళ్ళందరికీ కబురు వెళ్ళింది. సైట్‌లో ఏడో ఫిల్టర్ పెట్టారు: లోపలి నుంచి తెరుచుకునేవి. ఎందుకమ్మ గెలిచింది. ఆ గెలుపు గురించి ఎవరైనా పొగిడితే లేచి బయటికి వెళ్ళిపోతుంది.

చిట్టాలో ఆ మాట మళ్ళీ రాలేదు. కానీ రోజూ నాలుగూ పదికి, ఒక్క ఆమె తెర మీదే, ఏడింటి కింద ఎనిమిదోది వస్తుంది. గడ్డం కోడంతా గాలించాడు. దానికి అందులో చోటే లేదు. బుడంకాయని బయటికి తీసిన రోజు నుంచి మొన్నటి దాకా అందులో అంకె మారలేదు.

లోపల ఉన్నవారు (1).

ఆ ఒక్కరు ఎవరో ఆమెకి తెలుసు. పరీక్షల్లో ఇప్పుడు ఎవరైనా "ఎక్కడ నొక్కాలండీ?" అంటే ఆమె వేలుపెట్టి చూపించేస్తోంది. నియమం సంగతి ఎవరైనా ఎత్తితే ఒక చూపు చూస్తుంది, అంతే.

నిన్న నాలుగూ పదికి అది మళ్ళీ వచ్చింది. ఆమె అలవాటుగా చూసింది. చూసి, ఫోను తీసి అక్కకి చేసింది. బుడంకాయ అక్క చంకలోనే ఉంది, అన్నం తినదట, పేచీ పెడుతోందట. అయినా తెర మీద అంకె మారలేదు.

లోపల ఉన్నవారు (2).

నొక్కితే ఫోటో రాలేదు. ఒట్టి తెలుపు. ఎవరి ఇల్లో తెలియదు. తెల్ల పెట్టే కానక్కర్లేదు కూడా... ట్రంకు పెట్టె, పాత ఫ్రిజ్, బట్టల బీరువా, ఏదైనా కావచ్చు. ఆమె దగ్గర మీ ఫోన్ నంబరు లేదు. అందుకే నాచేత ఇలా చెప్పిస్తోంది.

మీ ఇంట్లో పిల్లలున్నారా? ఇల్లు కాసేపటి నుంచి నిశ్శబ్దంగా ఉందా? ఇది నిజమా, ఆ ఆవిడ ఎవరు, ఇవన్నీ తర్వాత వాదించుకుందాం, నేనెక్కడికీ పోను. ముందు లేవండి. మూత ఉన్న ప్రతిదాని దగ్గరికీ వెళ్ళి, తెరిచి చూడండి.

ఇప్పుడే.