నాలుగో నది ఏమైంది?

హలో... హలో, వినపడుతోందా? ఆఁ, అందరూ బాగున్నారా? భోజనాలయ్యాయా? మ్యూట్‌లో పెట్టుకుని వినండి, పర్లేదు. ఇవాళ ఓ గూఢచారి కథ చెప్తా. కుర్రాడు కాదు లెండి, మన ఈడువాడే.

ఏజెంట్ రఘువీర్. యాభై దాటాడు. మోకాళ్ళు అరిగిపోయాయి. అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్ళో ఓ పార్కింగ్ లాట్. బయట మంచు. హీటర్ సరిగా పనిచేయని వ్యాన్‌లో కూర్చుని విగ్గు సర్దుకుంటున్నాడు. ఎదురుగా అతని చీఫ్ జ్ఞానప్రసూన.

"టార్గెట్ పేరు కాస్పర్. ఫారిన్ ముఠా. సిరియాలో పాతకాలం చర్చిల్లో నేల మీద రంగురాళ్ళతో బొమ్మలు పొదిగారు కదా, మొజాయిక్, అవి పెకలించి తెచ్చి ఇక్కడ అమ్ముతున్నాడు."

"తెలుసు మేడమ్. నెల్లాళ్ళుగా అవే చదివి చస్తున్నా."

"వాడి దగ్గర ఎక్స్‌పర్ట్‌గా ఉన్నది మన స్మృతి. వాడికి డౌట్ వచ్చింది. ఇవాళ బయటికి తేకపోతే ఆ పిల్ల ఇక రాదు."

విగ్గు మీద రఘువీర్ చెయ్యి ఆగిపోయింది. స్మృతిని ట్రైన్ చేసింది అతనే.

"కోడ్ ఏంటి?"

"కొనేవాళ్ళకి బొమ్మల అర్థాలు చెప్పడం తన డ్యూటీ. ఏ బొమ్మకి అర్థం తప్పు చెబితే అక్కడ ప్రమాదం. కాస్పర్‌కి రేటు తప్ప అర్థాలు తెలీవు. ప్యానిక్ బటన్ నీ కుడి బూటు మడమలో ఉంది. నొక్కితే టీమ్ లోపలికొస్తుంది. నువ్వు శాంటా క్లారా అనే ఊరి నుంచొచ్చిన కోటీశ్వరుడివి, కొత్తింట్లో వేయించుకోడానికి కొంటున్నావు. కాస్త నవ్వు మొహం పెట్టు."

"అది ఎప్పుడో పోయింది మేడమ్."

గోడౌన్ బయట బొమ్మలు ఎక్కించిన ట్రక్కు. తలుపు తీసింది కాస్పరే. సన్నటి మనిషి, బూడిదరంగు సూటు. ఒక చెయ్యి జేబులోంచి తియ్యడం లేదు. షెడ్డు మధ్యలో నేలంతా బొమ్మలు పరిచి ఉన్నాయి. పక్కన స్మృతి. నల్ల డ్రెస్, ఎర్ర లిప్‌స్టిక్, సినిమా స్టార్‌లా ఉంది. కళ్ళ కింద మాత్రం ఎన్నాళ్ళుగానో నిద్రలేని నలుపు.

రఘువీర్ ఆ నేల చూశాడు. ఎప్పుడో ఎవరెవరో మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసుకున్న చోటు. అంతే, నడుం దానంతటదే వంగింది. బూట్లు విప్పి తలుపు పక్కన పెట్టేశాడు.

"ఏం చేస్తున్నారు?" అన్నాడు కాస్పర్.

"దేవుడి చోట్లో మేం చెప్పులేసుకుని నడవమండీ."

అన్నాక గుర్తొచ్చింది, బటన్ బూట్లోనే ఉందని. ముప్పై ఏళ్ళ సర్వీసు, ఎన్ని ట్రైనింగులో! అమ్మ నేర్పిన అలవాటు ముందు ఒక్కటీ నిలబడలా. ఇప్పుడు వెనక్కెళ్ళి తొడుక్కుంటే వాడికి డౌట్. సర్లే అనుకుని చల్లటి రాళ్ళ మీద నడిచాడు.

స్మృతి మొదలెట్టింది. "నెమలి. దీని మాంసం కుళ్ళదని అప్పటివాళ్ళ నమ్మకం. అందుకే చావులేని బతుక్కి గుర్తు."

కరెక్టే.

"ద్రాక్షతీగ. తీగ క్రీస్తు, కొమ్మలు నమ్మినవాళ్ళు. పంజరంలో పిట్ట, ఒంట్లో చిక్కుకున్న ఆత్మ."

అదీ కరెక్టే. రఘువీర్ మోకాలు కలుక్కుమని ఒప్పుకుంది.

చివర్లో రెండు జింకలు నీళ్ళ మీదకి వంగి ఉన్నాయి. "ఇది వేట," అంది స్మృతి. "వేటగాడి బొమ్మ ఊడిపోయింది."

తప్పు. అవి దాహంతో దేవుడి దగ్గరికొచ్చిన ఆత్మలు. బాప్తిస్మం ఇచ్చేచోట వేసే బొమ్మ.

రఘువీర్ దాని మీద అడుగు పెట్టాడు. మిగతా నేలంతా పొడి. ఇక్కడ అరికాలికి తడి తగిలింది. పచ్చి సిమెంటు. కిందేదో పాతారు. స్మృతి వైపు చూశాడు. ఆమె ఒక్కసారి కళ్ళు మూసి తెరిచింది.

"మీరిద్దరూ చూస్తూ ఉండండి," అన్నాడు కాస్పర్. "కాగితాలు కార్లో ఉన్నాయి, తెస్తా." జేబులో చెయ్యి బిగుసుకుంది.

అర్థమైపోయింది. కింద బాంబు, వాడి జేబులో రిమోట్. మోసం చేసిన పిల్లా, ఆమె కోసం వచ్చినవాడూ ఒకే బొమ్మ మీద ఉన్నారు. వాడు గుమ్మం దాటితే రిమోట్ నొక్కుతాడు. పరిగెత్తినా నొక్కుతాడు.

వాడి రెండో చెయ్యి తలుపు గడియ మీద పడింది.

"కాస్పర్!" నీరసంగా పిలిచాడు రఘువీర్. "ఇది డూప్లికేట్."

"వాట్?"

"ఈ జింకలు తాగేది స్వర్గంలోంచి వచ్చే నదుల నీళ్ళు. నదులు నాలుగుండాలి. ఇక్కడ మూడే ఉన్నాయి. నువ్వు ట్రక్కులో ఎక్కించిన మిగతావీ ఈ చర్చివేగా? నిన్నెవడో బాగా ముంచాడయ్యా."

కాస్పర్ ఆగాడు. ట్రక్కులో సరుకు అప్పటికే పెద్దవాళ్ళకి అమ్మేశాడు. అది నకిలీదైతే వాళ్ళు వీణ్ణి బతకనివ్వరు.

"అబద్ధం."

"వచ్చి లెక్కపెట్టుకో."

వచ్చాడు. జింకల మీద నిలబడి వంగాడు. జేబులో చెయ్యి బయటికొచ్చింది, రిమోట్‌తో సహా. "వన్... టూ... త్రీ..."

స్మృతి వాడి మణికట్టు పట్టుకుని మెలిపెట్టింది. రఘువీర్ వాడి మీద పడ్డాడు. కరాటే ఏం లేదు, ఒట్టి బరువు. రిమోట్ జారి నెమలి తోక మీద ఆగింది. కింద నలుగుతూనే కాస్పర్ చెయ్యి చాచాడు. వేలు బటన్‌కి తగలబోయింది. అంతలో స్మృతి రిమోట్ లాగేసుకుంది.

ఆయాసం తీరాక ఆమె వెళ్ళి బూటు మడమ నొక్కింది. టీమ్ వచ్చేసింది. జింకల కింద బాంబు తీసి పక్కన పెట్టారు.

బయట జ్ఞానప్రసూన అరిచింది. "బూట్లు ఎవరు విప్పమన్నారయ్యా నిన్ను?"

రఘువీర్ చేతిలోని బూట్లు తొడుక్కున్నాడు. వ్యాన్‌లో స్మృతి పక్కన కూలబడ్డాడు.

"అంకుల్, నాలుగో నది నిజంగా లేదా?"

"ఉందమ్మా. బాంబు పెట్టాక వాడి మనుషులే దాని మీద సిమెంటు మెత్తేశారు. పని చేతకాని వెధవలు."

"మరి డూప్లికేట్ అన్నారు?"

"వాడికి అర్థాలు తెలీవుగా. ఇంకోటి, అంకుల్ అనకు."

"ఓకే అంకుల్," అని అతని భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. భుజం తిమ్మిరెక్కినా అతను కదల్లేదు.

ఆ నేల సొంత ఊరు చేరేదాకా ఓ మ్యూజియంలో గోడకి బిగించారట. వందల ఏళ్ళు జనం తొక్కి నడిచిన బొమ్మల్ని ఇప్పుడు వేలితో ముట్టుకుంటే గార్డు ఉరికొస్తాడు.

సరే, ఉంటా మరి. కథ నచ్చితే మీ ఫ్యామిలీ గ్రూపుల్లో వేయండి. పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వులు పంపేవాళ్ళకి ముందు పంపండి, ఒక్కరోజన్నా పువ్వులు తప్పుతాయి.