మబ్బు చేయని తప్పు

కాకుల్ని తోలడానికి కట్టె పట్టుకుని మిద్దె మీద కూర్చున్న రమ్యకు చిరాకేసింది. అవ్వ ఎండబెట్టిన ఒడియాల మీద సగానికి పైగా గొడుగు నీడ పడింది.

గొడుగంటే వానకు పట్టుకునేది కాదు. తమ ఊరు వర్తూరులో ఫోన్ లైన్లను నమ్ముకుంటే అయ్యే పని కాదని, కింద గదిలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టిన శశిధర్ బిగించుకున్న పెద్ద తెల్ల డిష్. అది ఎప్పుడూ ఆకాశంలో ఉన్న శాటిలైట్ వైపే చూస్తుండాలట. దాన్ని ముట్టుకోవద్దని అతను ముందే చెప్పాడు.

చెబితే మాత్రం? ఒడియాలు ఎండకపోతే అవ్వ తిట్టేది రమ్యనే. భుజం ఆనించి బలంగా తోసింది. గొడుగు కిర్రుమని రెండు వేళ్ళంత జరిగింది. నీడ మాత్రం అక్కడే ఉంది.

కాసేపటికి నీళ్ళు తాగడానికి కిందికి దిగింది. సెంటర్లో పక్కింటి కిరణ్మయి కంగారు పడుతోంది. హైదరాబాదులో పైచదువుకు అప్లికేషన్ పంపడానికి ఆ రోజే ఆఖరు. సాయంత్రం ఐదు దాకే గడువు.

"ఏమాయన్నా? పేజీనే రాలేదు."

శశిధర్ బయటికి వచ్చి తలెత్తి చూశాడు. "అదిగో, మబ్బు పట్టింది. దానివల్ల సిగ్నల్ పోయుంటుంది. కాసేపు వెయిట్ చెయ్యమ్మా, వచ్చేస్తుంది."

"కుందలహళ్ళిలో ఇంకో సెంటర్ ఉండాది. అక్కడికి పోదునా?"

"అంత దూరం ఎందుకు? మబ్బు ఎంతసేపుంటుంది?"

తాను గొడుగు తోసింది రమ్యకు గుర్తొచ్చింది. చెప్పేద్దామని నోరు తెరిచింది, తిడతారని మూసుకుంది. దొంగకు తేలు కుట్టినట్టు మళ్ళీ మిద్దెక్కి గొడుగును వెనక్కి తోసింది. అది సరిగ్గా మునుపటి చోటికే వచ్చిందో లేదో ఆ పిల్లకేం తెలుసు, పాపం.

మబ్బు పోయింది, ఎండ కాసింది. ఇంటర్నెట్ రాలేదు. కిరణ్మయి మాటిమాటికీ గడియారం చూసుకుంటూ అక్కడే కూర్చుంది. ఐదు దాటాక కాగితాలు సంచిలో పెట్టుకుని లేచింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది రమ్యకు.

"అక్కా, మబ్బు కాదు. నేనే గొడుగు తోసినాను."

శశిధర్ తల పట్టుకున్నాడు. కిరణ్మయి రమ్య వైపు తిరిగింది.

"తోసినందుకు కాదు రమ్యా నా బాధ. అప్పుడే చెప్పింటే బస్సెక్కి కుందలహళ్ళికి పోయింటిని గదా. ఇంక వచ్చే ఏడాదే."

ఒడియాలు బాగానే ఎండాయి. అవ్వ వేయించి పెట్టినప్పుడల్లా రమ్య వద్దని లేచిపోయేది.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. మిద్దె మీద ఆడుకుంటుంటే రమ్య బంతి పోయి గొడుగుకు తగిలింది. అది చోటు కదిలిందో లేదో తెలియదు. చుట్టుపక్కల ఎవరూ చూడలేదు కూడా. రమ్య ఒక్క క్షణం ఆగలేదు. మెట్లు దూకుతూ కిందికి పరుగెత్తింది.

"శశన్నా, నా బంతి గొడుగుకు తగిలింది. ఇంటర్నెట్ పోయిందేమో చూడు."

కంప్యూటర్ ముందు కిరణ్మయి ఉంది. తెర మీద పోయిన ఏడాది ఆగిపోయిన అప్లికేషనే. ఆమె ఒకసారి తెర వైపు, ఒకసారి రొప్పుతున్న రమ్య వైపు చూసింది.

"ఉండాది లే," అంది. బెంచీ మీద కొంచెం పక్కకు జరిగింది. "రా, ఇట్ల కూర్చో. అప్లికేషన్ పోయేదాకా ఇద్దరమూ చూస్తాము."