రెండుసార్లు లైటు

వ్యాన్ గుంతలో పడి లేచింది.

వెనకాల చేపల పెట్టెలు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి.

"తొక్కు. ఇంకా తొక్కు."

పక్క సీట్లో ఎస్సై. ఒళ్ళో తుపాకి!

గుణశేఖరన్ ఉత్త కాలితో యాక్సిలరేటర్ తొక్కుతున్నాడు. చెప్పులు సీటు వెనకాల ఉన్నాయి. అన్నం పెట్టే బండిలో చెప్పులేసుకుని కూర్చోకూడదని అతని పట్టు. వెర్రివాడని తోటి డ్రైవర్లు నవ్వినా వినడు.

ఇప్పుడా పాదం చెమటకు జారుతోంది.

అప్పుడే చీకటి పడింది. సన్నగా తుంపర. ముందు పుదుచ్చేరి సముద్రపు ఒడ్డున కురుచికుప్పం సందులు.

"తెల్ల కారు. ఎల్ బోర్డు. కళ్ళు పెట్టి చూడు."

మాటలన్నీ తమిళంలోనే. కానీ ఎస్సై తమిళంలో ఏదో యాస ఉంది. అది ఎక్కడిదో గుణశేఖరన్‌కు అంతు చిక్కడం లేదు.

ఇదంతా ఒక్క వేలు చేసిన పని.

కాసేపటి కిందట అతను తేంగాయితిట్టు హార్బర్‌లో చేపలెత్తుకుని ఊరి ఉత్తరాన ఉన్న హోటళ్ళకు బయలుదేరాడు. ముత్తియాల్‌పేట రోడ్డుకు అడ్డంగా బారికేడ్. ఇద్దరు పోలీసులు. ఒక బైకు. వ్యాన్‌లోకి టార్చి వేసి చూసి, పొమ్మన్నారు.

నాలుగు అడుగులు పోయాడో లేదో, ఎదురుగా తెల్ల కారు.

వేలు దానంతటదే కదిలింది. టప్... టప్... రెండుసార్లు లైటు.

ముందు పోలీసులున్నారు, చూసుకో అని దానికి అర్థం.

చేపల వ్యాన్ డ్రైవర్లందరికీ ఉన్న అలవాటే. కాకపోతే మిగతావాళ్ళు తమవాళ్ళకే వేస్తారు. గుణశేఖరన్ ఎదురొచ్చే ప్రతి బండికీ వేస్తాడు. అడిగినవాడికీ, అడగనివాడికీ.

సారం పేటలో ఇంట్లో ఉన్న పెళ్ళాం శివగామి ఎన్నిసార్లు చెప్పిందో! ఆ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో, వేలు చూపించి మరీ చెప్పింది.

"ఎవురికి యేస్తా ఉండావో చూడకుండా యేస్తావు. యా దినమో దొంగోడికి యేసి మాట్టుకుంటావు, జైలుకి పోతావు, చూస్తా ఉండు."

మొగుడు వింటేగా!

తెల్ల కారు ఠక్కున ఆగింది. ఎడమ ఇండికేటర్ వేసుకుని కురుచికుప్పం వైపు సందులోకి తిరిగిపోయింది.

మరుక్షణం వ్యాన్ వెనకాల బైకు!

ఎస్సై దిగాడు. కిటికీలో మొహం పెట్టాడు.

"ఆ కార్లో ఒక ఆడపిల్లను ఎత్తుకుపోతున్నారు. నువ్వు దొంగలకు దారి చూపించావు."

గుణశేఖరన్ రెండు చేతులూ జోడించాడు.

"నాకు తెలీదు సార్. లైటేస్తే కేసా సార్?"

"మామూలుగా అయితే ఫైను. ఇప్పుడు కిడ్నాప్‌లో నీకూ వాటా. లైసెన్సు పోతుంది. నువ్వు లోపలికి పోతావు." ఎస్సై వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఆ కారు దొరికితే నిన్ను వదిలేస్తా. బండి తిప్పు."

బైకు మీదున్న రెండోవాడు సముద్రం వైపు నుంచి అడ్డం కొట్టడానికి దూసుకుపోయాడు.

లైసెన్సు పోతే ఇల్లు గడవదు. అంతకంటే పెద్ద భయం ఇంకోటి పట్టుకుంది అతన్ని. ఎవరో కన్న బిడ్డ. తన వేలి దూల వల్ల ఆ బిడ్డకు ఏమైనా అయితే?

అందుకే తొక్కుతున్నాడు.

మొదటి సందు. లేదు.

రెండో సందు. అక్కడా లేదు. ఆరేసిన వలలు, ఒక మేక.

"జీపు యాడ సార్? జీపుంటే..."

"రిపేరు."

"కంట్రోల్ రూమ్‌కి చెప్తే ఇంకో బండి పంపిస్తారు కదా సార్."

"నోరు మూసుకుని నడుపు."

గుణశేఖరన్ నోరు మూసుకున్నాడు. కళ్ళు మాత్రం మూసుకోలేదు.

డాష్‌బోర్డు మీద ఎస్సై పెట్టిన టోపీ ఉంది. తడిసిన ఎర్ర టోపీ.

భుజం మీద చూస్తే రెండు నక్షత్రాలు.

ఎర్ర టోపీ కానిస్టేబుళ్ళది. ఎస్సైలు పెట్టుకోరు. పుదుచ్చేరిలో పుట్టిన పసిపిల్లకు కూడా తెలుసు ఆ సంగతి!

వాన హడావిడిలో టోపీలు మారాయేమో అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. సర్దుకోలేదు. చేపల్లో ఒక్కటి కుళ్ళినా పెట్టె తెరవకుండానే తెలిసిపోతుంది అతనికి. ఇక్కడ కూడా ఏదో కుళ్ళింది.

ఎస్సై ఫోన్ మోగింది.

ఎత్తాడు. మాట్లాడాడు.

తెలుగులో!

"ఆఁ, చెప్పరా... కంగారు పడకు, దొరుకుద్ది. పిల్ల ఒక్కతే ఉంది కార్లో. ఎల్ బోర్డు పెట్టుకుని తోలుతోంది, ఎంత దూరం పోద్ది? రేపు కోర్టులో అది నోరు తెరిచిందంటే అన్న జైల్లోనే ముసలోడైపోతాడు. ఈ రాత్రికే అయిపోవాలి."

గుణశేఖరన్ మెడ తిరగబోయింది. బలవంతాన ఆపుకున్నాడు.

"డ్రైవరా? అరవోడులే. తెలుగు ఒక్క ముక్క రాదు. పనయ్యాక వీణ్ణి కూడా అక్కడే పడేద్దాం."

ఫోన్ పెట్టేశాడు.

గుణశేఖరన్ రోడ్డు వైపే చూస్తున్నాడు. అరచేతుల్లో స్టీరింగ్ తడిసిపోయింది.

పేరు చూస్తే తమిళం. మాట వింటే తమిళం. కానీ ముత్తాతల నాటి నుంచీ ఆ ఇంట్లో పొయ్యి దగ్గరా, పక్కల మీదా మాట్లాడేది తెలుగే. అతనికి తెలుగు రాయడం రాదు, చదవడం రాదు.

వినడం వచ్చు!

ఒక్కొక్కటే తెలుస్తోంది. ఆ బారికేడ్ దొంగది. ఈ ఎస్సై దొంగ. వాళ్ళు కాచుకుని కూర్చున్నది సాక్ష్యం చెప్పబోయే ఒక ఆడపిల్ల కోసం. తన వేలు దొంగను దాటించలేదు. లైటు చూసి ముందేదో ఆపద ఉందనుకుని తిరిగిపోయిన ఆ పిల్లనే దాటించింది.

ఇప్పుడేమో తానే యముణ్ణి బండెక్కించుకుని ఆమె ఎక్కడుందా అని వెతుకుతున్నాడు.

భయం వేసింది. శివగామి మొహం కళ్ళ ముందు మెదిలింది.

ఏం చెయ్యాలి?

కారు పోయింది ఎడమ సందుల్లోకి. అయితే కుడికి పోవాలి. ఈ పీడను ఎంత దూరం తీసుకుపోతే అంత మంచిది.

స్టీరింగ్ కుడికి తిప్పాడు.

డొక్కలో తుపాకి గుచ్చుకుంది.

"ఎటు?"

"అడ్డదారి సార్. సముద్రం కాడికి తొందరగా పోతుంది."

ఇరుకు సందు. రెండు వైపులా గోడలు. మలుపు.

మలుపు తిరిగాడు... అంతే, పాదం బ్రేక్ మీద బిగుసుకుపోయింది.

సందు చివర, సముద్రపు రాళ్ళ ముందు, ఎటు పోవాలో తెలీక ఆగిన తెల్ల కారు!

ఎడమ ఇండికేటర్ ఇంకా ఆరలేదు. టిక్... టిక్... టిక్...

తప్పించబోయి సరిగ్గా తెచ్చి అప్పజెప్పాడు! తన తలరాతను తిట్టుకున్నాడు గుణశేఖరన్. గట్టిగా ఏడవాలనిపించింది.

"శెభాష్," అన్నాడు నకిలీ ఎస్సై. ఎర్ర టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. కిటికీలోంచి సగం బయటికి వంగాడు. తుపాకి మాత్రం తలుపు చాటున దాచాడు.

"అమ్మా, పోలీస్. భయపడొద్దు. దిగి రా."

కార్లో ఒక్కతే. పాతికేళ్ళు కూడా ఉండవు. వెనక్కి తిరిగి చూసింది. వాన నీళ్ళు కారే అద్దంలోంచి ఎర్ర టోపీ కనిపించింది.

ఆ మొహంలో ఎంత ధైర్యం వచ్చిందో! పోలీసులొచ్చారు, ఇక బతికాననుకుంది.

కారు తలుపు తెరుచుకుంటోంది.

ఎడమ దారి చివర బైకు లైటు. రెండోవాడు కాచుకుని ఉన్నాడు.

కుడి దారి బీచ్ రోడ్డుకు పోతుంది. సాయంత్రమైతే అక్కడికి బండ్లను పోనివ్వరు. బారికేడ్ పెడతారు. దాటినవాడికి ఫైను వేస్తారు.

నిజం పోలీసులు!

ఆ పిల్ల కాలు నేల మీద పెట్టింది.

గుణశేఖరన్ వేలు కదిలింది. ఈసారి దానంతటది కాదు. అతనే కదిలించాడు.

టప్... టప్...

రెండుసార్లు లైటు.

ఆ పిల్ల ఆగిపోయింది. ఇందాక రోడ్డు మీద ఇదే లైటు. ఇదే వ్యాన్.

గుణశేఖరన్ కుడి ఇండికేటర్ వేశాడు.

చూడమ్మా. కుడికి. కుడికి పోమ్మా.

కాలు లోపలికి పోయింది. ధడేల్‌మని తలుపు! కారు ఒక్క గెంతు గెంతి, గోడకు రాసుకుని, కుడికి తిరిగింది. ఎడమ ఇండికేటర్ కొట్టుకుంటూనే ఉంది.

"పోనీ! దాని వెనకాల పోనీ!"

గుణశేఖరన్ ఇంజన్ ఆపాడు. తాళం లాగి కిటికీలోంచి రాళ్ళ మధ్యకు విసిరేశాడు.

నకిలీ ఎస్సై రాళ్ళ వైపు తల తిప్పాడు.

బైకు రయ్యిమని వాళ్ళ ముందు నుంచి దూసుకుపోయింది. ఒక్క నిమిషం సముద్రం హోరు తప్ప ఏమీ లేదు.

తర్వాత బీచ్ రోడ్డు వైపు నుంచి విజిల్!

ఇంకో విజిల్. అరుపులు. బారికేడ్ కింద పడిన చప్పుడు.

ఆ పిల్ల నిజం పోలీసులకు దొరికిపోయింది.

బైకు తిరిగొచ్చింది. ఆగలేదు. వ్యాన్ వైపు కూడా చూడకుండా చీకట్లో కలిసిపోయింది.

గుణశేఖరన్‌కు నవ్వొచ్చింది. ఎల్ బోర్డు, నో ఎంట్రీ, తప్పుడు ఇండికేటర్. పాపం, ఆ పిల్లకు ఫైను తప్పదు.

కణతకు చల్లగా తుపాకి గొట్టం తగిలింది.

కోపంలో వాడు తమిళం మర్చిపోయాడు.

"ఎందుకేశావురా లైటు?"

గుణశేఖరన్ మెల్లగా తల తిప్పాడు. వాడి కళ్ళలోకి చూశాడు. ఇంట్లో శివగామితో మాట్లాడే తెలుగులోనే చెప్పాడు.

"అలవాటబ్బా. ఏం జేసేది?"

వాడి మొహం పాలిపోయింది.

"నీకు... తెలుగు..."

సందు చివర నిజం పోలీసుల జీపు లైట్లు పడ్డాయి.

తుపాకి పేలింది!