కుడి సీట్లో గొంతు

యూసేబియా కొల్కేకి నలభై ఏడేళ్ళు. ఏ బండి ఎక్కేముందైనా లంగా కుచ్చిళ్ళు ఎగదోపి, వంగి, దాని కింద ఒకసారి చూస్తుంది. బస్సయినా సరే. డ్రైవర్లు నవ్వుతారు. ఆమె చూడ్డం మానదు.

ఇది ఆమె నాకు చెప్పిన సంగతి. ఉయూని సంతలో మావి పక్కపక్క కొట్లు — ఆమెది ఎండుమాంసం, నాది ఉన్ని. దీనికి నేను కలిపిందేమీ లేదు. తీసేసింది మాత్రం కొంత ఉంది, ఆమె తిట్లు.

ముందు ఆ మలుపు గురించి చెప్పాలి.

చిల్యవారా అనే పల్లె కొండకి అవతల ఉంది. కనుమ ఎక్కి దిగాలి. తిరుగుదారిలో, ఉయూని వైపు దిగే వాలులో, ఎడమపక్క కొండ, కుడిపక్క లోయ. అక్కడుంది విధవ మలుపు. చీకటిపడ్డాక ఆ మలుపులో నల్లశాలువా కప్పుకున్న ఆడమనిషి ఒకతె బండెక్కుతుందని మావాళ్ళ నమ్మకం. చెయ్యెత్తి ఆపమనదు. తలుపు తీయదు. చూస్తే... కుడి సీట్లో, డ్రైవరు పక్కన, కూర్చుని ఉంటుంది.

లోయలో పడ్డవాళ్ళు చాలామంది పీకల్దాకా తాగిన వెధవలే. పేరు మాత్రం విధవది.

పాత రోజుల్లో ఆమె ఊరికే కూర్చునేదట. ఈమధ్యే మాట్లాడుతోందని పుకారు పుట్టింది. స్పానిష్ కాదు, క్వెచువా కాదు, ఐమారా కాదు — ఏ మనిషీ వినని భాషట. వింటే ఏం చెయ్యాలో డ్రైవర్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. కుడివైపు చూడొద్దు. బదులు పలకొద్దు. ముఖ్యంగా, బండి ఆపొద్దు. యాక్సిలరేటరు తొక్కిపట్టి దాటెయ్యాలి.

యూసేబియా ఇవన్నీ విన్నదే. ఆమె భయం వేరు. కూతురు లిజెత్ చిల్యవారాలో కాపురముంటోంది, కడుపుతో ఉంది. నెలలు నిండేది నట్టనడి వానాకాలంలో. పోయిన వానల్లో ఆ ఊరి రుఫీనాకి నొప్పులొస్తే ఉయూని ఆసుపత్రికని లారీలో ఎక్కించారు. లారీ కనుమ మీద ఆగిపోయింది. ఇంకో బండి వచ్చేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు.

అందుకే యూసేబియాకి బండి కావాలి. బురదలో దిగబడనిది, కొండ మీద ఆగిపోనిది.

పాత బండ్లమ్మే ఎడ్విన్ తికోనా దొడ్లో అలాంటిది దొరికింది. దొరల బండి. తోలు సీట్లు, చక్రాలు నడుమెత్తు. జపాన్‌లో ఎవరో వాడి వదిలేస్తే ఓడెక్కి చిలీ రేవుకొచ్చి, అక్కణ్ణుంచి మా ఎడారి దాటి వచ్చిన రకం. అక్కడి బండ్లకి స్టీరింగు కుడివైపుంటుంది. మావాళ్ళు కోసి, ఎడమవైపు అతికిస్తారు. అందులో వింతేమీ లేదు, మా ఊళ్ళో సగం బండ్లు అలా అతికినవే.

"ఒకే చేతి బండి అక్కా," అన్నాడు ఎడ్విన్. "డాక్టరు గారి భార్య ఆదివారం చర్చికి మాత్రం తీసేది. బీరు పోసి, పూలు చల్లి, భూమితల్లికి మొక్కు కూడా నేనే తీర్చేశా. నువ్వెక్కి కూర్చోడమే."

యూసేబియా వంగి కింద చూసింది. "ఆ చర్చి లోయలో ఉందా ఏంటి? కిందంతా నల్లరంగు పూశావు. ఇంకా తడారలేదు."

"తుప్పు పట్టకూడదని పూశానక్కా! మంచిచేస్తే అనుమానం!"

"సరే. కూతురి దగ్గరకెళ్ళొస్తా. ఎక్కీ దిగీ వస్తే అప్పుడు చూద్దాం."

ఎడ్విన్ మొహం కొంచెం మారింది. "చీకటి పడకముందే వచ్చెయ్... చలికి రంగు పాడవుతుంది."

ఆడది ఒక్కతే బండి కొనడమేమిటని మరిది ఫెర్మిన్ తోడొచ్చాడు. మొగుడు చిలీ రాగి గనుల్లో ఉన్నాడు కాబట్టి వంశం పరువు మోసే బాధ్యత ఇతనిది. బండ్ల గురించి ఫెర్మిన్‌కి తెలిసిందల్లా హారను ఎక్కడ నొక్కాలో.

"వదినా, నేను తోల్తాలే."

"నువ్వు కూర్చో. పరువు బరువెక్కువ, కాళ్ళు నొప్పెడతాయి."

పోయేటప్పుడు బండి మేక ఎక్కినట్టు కొండెక్కింది. విధవ మలుపు దగ్గర ఫెర్మిన్ శిలువ గీసుకున్నాడు. ఏమీ కాలేదు. ఎండ, గాలి, అంతే.

లిజెత్ పొట్ట పట్టుకుని వాకిట్లోకొచ్చింది. బండిని చూసి నవ్వింది గానీ, బానెట్ మీద చెయ్యేసి అడిగిన మాట ఒకటే — "అమ్మా, ఇది మధ్యలో ఆగిపోదు కదా?"

"ఆగదే," అంది యూసేబియా. "దీన్ని ఎవరూ ఆపలేరు."

ఆ మాట తర్వాత చాలాసార్లు గుర్తొచ్చిందని నాతో అంది.

సూపు తాగి బయల్దేరేసరికి పొద్దువాలింది. కనుమ మీదికొచ్చేసరికి చీకటి. చంద్రుడు లేడు. దీపాల వెలుగులో ముందున్న నాలుగు బారల మట్టి తప్ప లోకం లేదు.

దిగుడు మొదలైంది.

బండి ముక్కు కిందికి వాలింది. రాళ్ళు చక్రాల కింద నలిగి పక్కకి జారుతున్నాయి — కుడిపక్కకి జారినవి ఎంతకీ కిందపడిన చప్పుడు చెయ్యడం లేదు...

"వదినా, ఏదన్నా మాట్లాడు," అన్నాడు ఫెర్మిన్.

"ఏం మాట్లాడను?"

"ఏదైనా."

మలుపొచ్చింది. యూసేబియా స్టీరింగు తిప్పింది. బండి ఒళ్ళంతా ఒక పక్కకి ఒరిగింది.

అప్పుడు — బండిలో — ఒక ఆడగొంతు మాట్లాడింది.

మెత్తటి గొంతు. తొందర లేదు. కోపం లేదు. ఏదో అంది... ఆగింది.

ఫెర్మిన్ ఊపిరి ఆగిపోయింది. యూసేబియాకి అది వినబడుతోంది — అతను ఊపిరి తీయకపోవడం.

"మాట్లాడింది నువ్వా?" అని యూసేబియా అతన్ని మెల్లగా అడిగింది.

"నా... నా ఒళ్ళో కూర్చుంది వదినా..."

మళ్ళీ ఆ గొంతు. అవే మాటలు. ఫెర్మిన్ మోకాళ్ళ దగ్గర నుంచే వస్తున్నాయి. కుడి సీటు దగ్గర నుంచే. కానీ అతనితో చెబుతున్నట్టు లేదు. అతన్ని దాటి కూడా కాదు. అక్కడ ఇంకెవరో కూర్చున్నారనీ, వాళ్ళతో చెబుతున్నాననీ అనుకుంటున్నట్టుంది.

"చూడకు! ఆపకు!" ఫెర్మిన్ గుసగుస అరుపైంది. "తొక్కు వదినా, తొక్కు! ఆపితే చచ్చామే! అందరూ చెప్పారు, ఆపొద్దని!"

మూడోసారి.

యూసేబియా కాలు యాక్సిలరేటరు మీదే ఉంది. తొక్కితే మలుపు దాటిపోతుంది. మగాళ్ళందరూ అదే చేశారు. కానీ...

"భాష తెలీలేదు," అంది నాతో. "కానీ ఆ గొంతు నాకు తెలుసు. లిజెత్ చిన్నప్పుడు రోడ్డు మీదికి పరిగెడితే, అరిస్తే బెదిరి ఇంకా పరిగెడుతుందని, భయమంతా మింగి మెల్లగా పిలిచేదాన్ని చూడు... అదే ఆ గొంతు."

ఆమె బ్రేకు మీద కాలేసింది.

కాలు దిగిపోయింది. దూదిలో దిగినట్టు, అడుగుదాకా. బండి ఆగలేదు. వేగం పెరిగింది.

మళ్ళీ తొక్కింది. లేదు. ఏమీ లేదు.

ఫెర్మిన్ దేవుళ్ళందరినీ వరసగా పిలుస్తున్నాడు. యూసేబియా గేరు కిందికి లాగింది. ఇంజను బొబ్బపెట్టింది. హ్యాండ్‌బ్రేకు రెండు చేతులతో పట్టి పీకింది. స్టీరింగు ఎడమకి, కొండ మీదికి విరిచేసింది. ఇనుము రాతిని గీసుకుంటూ పోయింది... పోయింది... పోయి, మట్టిగట్టులోకి ముక్కు గుచ్చుకుని నిలబడింది.

దుమ్ము.

ఫెర్మిన్ తలుపు తోసుకుని, వంశం పరువు సీట్లోనే వదిలేసి, వాలు కిందికి పరుగు. టోపీ కూడా తీసుకోలేదు.

యూసేబియా తాళం తిప్పి చెవి బయటికి తీసింది. గుప్పిట్లో పెట్టుకుంది. దీపాలు ఆరాయి. చీకట్లో ఒక్కతే, స్టీరింగు మీద తల ఆనించి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత దిగి, రాళ్ళేరి చక్రాల కింద పెట్టి, నడుచుకుంటూ కొండ దిగింది.

తెల్లారాక బానెట్ ఎత్తి చూస్తే బ్రేకాయిలు డబ్బా అడుగంటి ఉంది. స్టీరింగుతో పాటు బ్రేకు పైపుల్నీ కోసి ఎడమకి లాక్కొచ్చి అతికించిన చోట, ఒక్కో బొట్టే కారుతోంది. ఆ బొట్ల మీదే నల్లరంగు పూశాడు ఎడ్విన్.

ఇక ఆ గొంతు సంగతి.

మా ఊరి ఆసుపత్రిలో హారుమి అని ఒక నర్సు ఉంది. ఆమె అవ్వాతాతలు జపాన్ నుంచి వచ్చి కింద సాంతాక్రూజ్ పొలాల్లో స్థిరపడ్డవాళ్ళు. యూసేబియా మోచెయ్యి గీసుకుపోతే కట్టు కడుతోంది. కట్టించుకుంటూనే యూసేబియా జరిగింది చెప్పి, తనకి గుర్తున్నంత మేరకు ఆ మాటలు పలికింది. ముక్కలు ముక్కలుగా. చివర్న ఏదో "కుదాసాయ్" అని.

హారుమి చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఒక్క క్షణం చూసి, పగలబడి నవ్వింది.

"అయ్యో పిన్నీ! మా అవ్వ మాట్లాడినట్టే ఉంది! 'బ్రేకాయిలు తగ్గింది. క్షేమమైన చోట బండి ఆపండి, దయచేసి' — అదీ అది చెప్పింది. దెయ్యం కాదు, బండి మాట్లాడింది. అక్కడి బండ్లు అంతే, మర్యాదగా చెబుతాయి."

"మరి కుడి సీట్లోంచి ఎందుకు?"

"జపాన్‌లో డ్రైవరు కూర్చునేది అక్కడే కదా. స్టీరింగు మార్చారు. పైపులు మార్చారు. గొంతుని మార్చలేదు. పాపం, డ్రైవరుకే చెబుతున్నాననుకుంది."

"మరి ఆ మలుపులోనే ఎందుకు?"

"బండి ముందుకీ పక్కకీ ఒరిగేది అక్కడేగా. ఉన్న కాస్త ఆయిలూ ఓ మూలకి పోయుంటుంది." హారుమి నవ్వు నెమ్మదిగా తగ్గింది. "పోయినేడు ఒకతను నడుం విరిగి వచ్చాడు, అదే మలుపు. విధవ మాట్లాడిందన్నాడు. అంతకుముందు ఇంకొకతను... ఆయన ఇక్కడిదాకా రాలేదు. ఇద్దరిదీ ఆకుపచ్చ బండి."

"దీనికీ కింద నల్లరంగు పోయినచోట ఆకుపచ్చే. అదే బండి ఇది," అంది యూసేబియా.

ఆడగొంతు ఒకటి ఆపండి, దయచేసి ఆపండి అని మర్యాదగా మూడేసిసార్లు చెబుతుంటే, మగవాళ్ళు శిలువ గీసుకుని యాక్సిలరేటరు తొక్కారు. ఇందులో దెయ్యమెవరో నన్నడగొద్దు.

కట్టు ముడివేస్తూ హారుమి అడిగింది. "మొత్తం మూడుసార్లేనా అంది?"

"బండి నడుస్తున్నప్పుడు మూడుసార్లు. ఆగాక ఒకసారి."

"ఆగాకా? తాళం తీయకముందే కదూ?"

"తీశాకే. తాళంచెవి నా గుప్పిట్లో ఉంది. ఫెర్మిన్ పారిపోయాడు. దీపాల్లేవు."

హారుమి కట్టు వైపే చూస్తోంది. "తాళం తీశాక... అది మాట్లాడే వీల్లేదు పిన్నీ. కరెంటు ఉండదు." కాసేపాగి, "ఏమంది? అవే మాటలా?"

"కాదు. అది నాకు అర్థమైంది."

"నీకు జపనీస్ ఎలా..."

"జపనీస్ కాదు. క్వెచువా. మా అమ్మ ఊరి యాస." యూసేబియా మోచెయ్యి వెనక్కి తీసుకుంది. "కుడి సీట్లోంచే, నా చెవి దగ్గరగా అంది. 'నువ్వొక్కదానివే ఆగావు' అని."



ఎడ్విన్‌ని నిలదీస్తే, "చెబితే ఎవరు కొంటారక్కా!" అన్నాడు. కొత్త పైపులు అతనితోనే వేయించింది. అతన్నే పక్కన కూర్చోబెట్టుకుని, చీకటిపడ్డాక, ఆ వాలు దింపింది. బ్రేకులు రాయిలా పట్టాయి. ఏ గొంతూ పలకలేదు. దిగాక ఎడ్విన్ వాంతి చేసుకున్నాడు. ఆమె బండి కొనుక్కుంది.

ఫిబ్రవరి మాకు నడి వానాకాలం. ఆ వానలోనే లిజెత్‌కి నొప్పులొచ్చాయి. కూతుర్ని వెనక పడుకోబెట్టి యూసేబియాయే ఆసుపత్రిదాకా తోలుకొచ్చింది, ఎక్కడా ఆగకుండా. ముందు కుడి సీటు ఖాళీగానే ఉంచింది. ఫెర్మిన్‌ని ఎక్కనివ్వలేదు.