గౌరి తడిపిన పట్టు

“ఎవురీమె? పొద్దున్నే మగ్గం కాడికొచ్చి కూర్చుండాది!”

పట్టుదారం కండెల బుట్టతో వచ్చిన గౌరి గడపలోనే ఆగిపోయింది. లోపల ఆమె బావ హనుమంతు మగ్గం దిగి మరీ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆమె పేరు ఈశ్వరి. హిందూపురం పిల్ల, పెనుకొండ హైస్కూల్లో కొత్త సైన్సు టీచరు. వాయిల్ చీర, చేతికి రిస్టువాచీ. చూడగానే గౌరికి ఒళ్ళు మండింది.

“గాజుకడ్డీని అసలైన పట్టుతో రుద్దితే విద్యుదావేశం పుడుతుందండీ. కాగితం ముక్కల్ని లాక్కుంటుంది. ఆదివారం మా స్కూల్లో ఎగ్జిబిషన్. మీరే వచ్చి రుద్ది చూపించాలి,” అంటోంది ఈశ్వరి.

“దాందేముండాది టీచరమ్మా, వస్తాను.”

“రెండింటిలో ఒకే రకం ఆవేశముంటే తోసుకుంటాయి. వేరువేరైతే లాక్కుంటాయి.”

“లాక్కుంటాయంట!” గౌరి బుట్టను దబ్బున కింద పెట్టింది.

“ఏమైంది నీకు?” అన్నాడు హనుమంతు.

“నాకేమైతాది? లాక్కునేది మీరిద్దరూ!”

అతను పకపకా నవ్వాడు. గౌరికి ఇంకా కాలింది. ఇన్నాళ్ళుగా కండెలు చుట్టి ఇస్తుంటే “ఇంకో రెండు తే” అనడం తప్ప ఒక్క మంచిమాట లేదు. ఆ టీచరమ్మతో మాత్రం ఎన్ని నవ్వులో!

ఎండాకాలం పట్టుపోగులు చెదిరి చేతికి అంటుకుంటుంటే నీళ్ళు చిలకరించి అణచడం రోజూ గౌరి పనే. ఆదివారం బావతో పాటు పెనుకొండ రైలెక్కబోయే ముందు, హనుమంతు సంచిలో పెట్టుకున్న పట్టుముక్క మీద కూడా కసిగా నీళ్ళు చిలకరించి మళ్ళీ మడతపెట్టేసింది. ఇంక ఎట్లా లాక్కుంటాయో చూస్తాను అనుకుంది.

పెనుకొండ స్కూలు హాలు జనంతో కిటకిటలాడుతోంది. హనుమంతు కడ్డీని రుద్ది కాగితం ముక్కల దగ్గర పెట్టాడు. అవి కదల్లేదు. మళ్ళీ రుద్దాడు. ఊహూఁ!

చీరల వ్యాపారి పోతులయ్య ముందుకొచ్చాడు. “ఏమప్పా హనుమంతూ, పట్టేనా ఇది? నూలు కలిపినావా?”

“ఇన్నాళ్ళూ మాకిచ్చిన చీరలు గూడా ఇట్లాటివేనేమో!” అన్నారెవరో. హాలంతా నవ్వు.

హనుమంతు మొహం పాలిపోయింది. కల్తీ పట్టు నేస్తాడన్న మాట బయటికి పోతే అతని మగ్గం మీది చీర ఇంకెవరూ కొనరు. జనం వెనక నిలబడిన గౌరి ఇక ఆగలేకపోయింది.

“పట్టు అసలైందే! నేనే తడిపినా!” అని అరిచింది.

అందరూ వెనక్కి తిరిగారు.

“ఎందుకమ్మా?” అన్నాడు పోతులయ్య.

“ఎందుకంటే ఏం చెప్పేది? మా బావ ఆయమ్మతో నవ్వుతాంటే కడుపు మండిపాయ. ఓర్చుకోలేకపోయినా.” కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది. “నా చీర గూడా బావ నేసిందే. పొడిగా ఉండాది. దీంతో రుద్దమను.”

పట్టు మాత్రమే తగిలేలా జరీ అంచు లోపలికి మడిచి కొంగు చాపింది.

హనుమంతు తటపటాయించాడు. ఇంతమందిలో ఆడపిల్ల కొంగు పట్టుకోవడమా?

“పట్టుకో బావా, నీ పేరు పోతాండాది!”

పట్టుకున్నాడు. గాజుకడ్డీని గట్టిగా రుద్ది ముక్కల దగ్గరికి తెచ్చాడు. కాగితాలు చటుక్కున లేచి కడ్డీకి అతుక్కున్నాయి. పిల్లలు కేరింతలు కొట్టారు.

“పట్టే, పట్టే! నా మాట వెనక్కి తీసుకుంటున్నా,” అన్నాడు పోతులయ్య. ఈశ్వరి నవ్వుతూ జనాన్ని పక్క బల్ల దగ్గరికి తీసుకుపోయింది.

హనుమంతు మాత్రం కొంగు వదల్లేదు.

“వదులు బావా, అందరూ చూస్తాండారు.”

“చూడనీ. నలుగుర్లో కొంగు పట్టుకోని ఊరికే వదిలేస్తే మర్యాదా? రేపే నాయనను మీ ఇంటికి పంపిస్తా.”

గౌరి మొహం విప్పారింది. అయినా అసూయ పూర్తిగా చల్లారలేదు. “మరి ఆ టీచరమ్మతో అట్ల నవ్వినావే?”

“నువ్వు గడపలో నిలబడి చూస్తాంటివి గదా. అందుకే ఇంకొంచెం ఎక్కువ నవ్వినా.”

“ఛీ, పో!” అని గౌరి కొంగు లాక్కోబోయింది. అతను అటువైపు నుంచి లాగాడు.