పదో రోజు సంతకం

మూడో అంతస్తు... రెండో అంతస్తు...

మెట్లు రెండేసి చొప్పున దూకుతోంది డాక్టరమ్మ!

చంకలో నల్ల అట్ట రిజిస్టరు. యాభై రెండేళ్ళ మోకాళ్ళు కుయ్యో మొర్రో అంటున్నాయి. వినే తీరిక ఎవరికుంది?

"ఆగు! ఆగకపోతే కాల్చేస్తా!"

పైనుంచి కేక. డైరెక్టరుగారి డ్రైవరు. ల్యాబ్‌లో అందరూ గుర్రం అంటారు వాణ్ణి. పరుగులో వాణ్ణి మించినవాడు లేడు. ఇప్పుడు వాడి చేతిలో పిస్టల్!

టైము నాలుగూ ఇరవై. ఐదింటికి అనుమతుల కమిటీ కొత్త పురుగుమందుకి ముద్ర కొట్టేస్తుంది. రేపటినుంచి ప్రతి పొలంలోనూ అదే మందు. ఈలోపు రిజిస్టరు అక్కడికి చేరాలి. లేదంటే ఆ మందు కొట్టినవాళ్ళు...



పాతికేళ్ళుగా ఆవిడ కాపురం విషాలతోనే. విషానికి విరుగుడు వెతకడం, పురుగుమందు మనిషి నరాలని ఏం చేస్తుందో తేల్చడం. నరాల పరీక్ష కోళ్ళ మీద చేస్తారు. మందు పెట్టి ఇరవై ఒక్క రోజులు వాటి నడక చూడాలి. కొన్ని విషాలు అంత తీరిగ్గా బయటపడతాయి మరి.

పదో రోజున కోళ్ళు నిక్షేపంగా తిరుగుతున్నాయి.

"ఇంకా ఎందుకమ్మా నాన్చడం? అవతల పొలంలో ట్రయల్ ఆగిపోయింది" అన్నాడు డైరెక్టరు.

పొలంలో మందు కొట్టుకోవచ్చని సంతకం పెట్టేసింది!

పదిహేడో రోజున మొదటి కోడి కూలబడింది. ఇరవై ఒకటికి పన్నెండు కోళ్ళూ కూలబడ్డాయి. "చూద్దాం" అన్నాడు డైరెక్టరు. తన సంతకం గుర్తొచ్చి ఆవిడకీ నోరు పెగల్లేదు. ఇంకో అయిదు రోజులు గడిచాయి. ఇవాళ మధ్యాహ్నం ఆయన కోళ్ళ లెక్కలున్న రిజిస్టరు తగలబెట్టమన్నాడు. అప్పటికి గాని ఈవిడకి ధైర్యం రాలేదు.

మొదటి అంతస్తు!

వెనక అడుగులు. టప్... ఈడ్పు... టప్... ఈడ్పు...

ఇదేం పరుగు?

ధబ్!

గుర్రం మెట్ల మీద బోర్లా పడ్డాడు. పిస్టల్ మాత్రం వదల్లేదు.

బయటి తలుపు పదడుగుల దూరం. పారిపోవచ్చు!

కానీ ఆవిడ చూపు వాడి కుడికాలి మీదే ఆగిపోయింది. లేవబోతున్నాడు... పాదం వేలాడిపోతోంది. అచ్చం ఆ కోళ్ళకి వచ్చినట్టే.



"నువ్వు... ట్రయల్ పొలంలో మందు కొట్టావా?"

"నీకెందుకు? రిజిస్టరు ఇటు పారెయ్!"

"ఎన్నాళ్ళయింది?"

"రెండు వారాలు. మనుషులు చాల్లేదని సారు నన్నూ పంపారు. నేనూ, మా తమ్ముడూ."

"పిక్కల్లో చీమలు పాకినట్టుందా? కాలి చెప్పు జారిపోయినా తెలియట్లేదా?"

పిస్టల్ కిందికి వాలింది.

"మీకెలా తెలుసు డాక్టరమ్మా?"

చెప్పింది. కోళ్ళ సంగతి మొత్తం చెప్పేసింది.

"విరుగుడు ఇంజెక్షన్లు ఉన్నాయిగా! మీరేగా చేసేది!"

"దీనికి లేదు నాయనా..." అంది ఆవిడ. పాతికేళ్ళ చదువు సిగ్గుతో చచ్చిపోయింది.

వాడు వేలాడే పాదాన్ని చేత్తో ఎత్తి చూసుకున్నాడు.

"కొట్టుకోవచ్చని సంతకం పెట్టిందెవరు?"

డైరెక్టరు అనొచ్చు. నమ్మేస్తాడు. ప్రాణం దక్కుతుంది!

ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నది చాలు.

"నేనే."

పిస్టల్ సూటిగా ఆవిడ నుదుటికి!

"ఇంకా చూస్తావేంట్రా?" పైమెట్టు మీద డైరెక్టరు. రొప్పుతున్నాడు. "కాల్చెయ్!"

"సార్... కోళ్ళ సంగతి మీకూ తెలుసా?"

"తెలిస్తే ఏంట్రా? కాల్చమన్నానా!"

ఢాం!

ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచింది.

డైరెక్టరు రెయిలింగ్ పట్టుకుని జారిపోతున్నాడు!

పిస్టల్ మళ్ళీ ఆవిడ వైపు తిరిగింది. గుర్రం ఏడుస్తున్నాడు.

"రెండో గుండు నీకే. ముందు పోయి ఆ మందు ఆపించు. ఆపించి ఇక్కడికే రా."

"వస్తాను."

"రా... నేనెక్కడికీ పోలేనుగా!"